ముసలివాళ్లు కనపడని వృద్ధాశ్రమం

మా కాలనీలో ఉన్న వృద్ధాశ్రమానికి కొత్త బ్లాకు కడతారని తెలియగానే సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పెద్దలంటే అందరికీ ప్రాణమే, మా వీధిలో మాత్రం వద్దు. అంబులెన్సుల మోత, ట్యాంకర్ల రద్దీ, ఫ్లాట్ల రేట్లు పడిపోవడం అంటూ అభ్యంతరాలు చదివిన అధ్యక్షులవారికి 78 ఏళ్లు. బలపరిచిన కోశాధికారిగారు మోకాలు మార్పించుకుని చేతికర్రతో వచ్చారు. ఇద్దరి పిల్లలూ డల్లాస్‌లోనే. ఆ మాటకొస్తే కాలనీలో సగం ఇళ్లు వృద్ధాశ్రమాలే, బోర్డులు పెట్టలేదంతే.

కుర్ర ఆర్కిటెక్టు త్రీడీ బొమ్మ చూపించాడు. ముందంతా అద్దాలు, నాలుగంతస్తుల రోమన్ స్తంభాలు, రాత్రికి నీలం లైట్లు. లాన్‌లో జాగింగ్ చేసే అమ్మాయి, బెలూన్ పట్టుకున్న పిల్లాడు, ఓ బొచ్చు కుక్క. ముసలివాళ్లేరని అడిగితే, ‘‘ఎలివేషన్ పాడవుతుంది సార్’’ అన్నాడు.

ప్లానులో గుమ్మం నేలకి 3 అడుగుల ఎత్తు. ర్యాంపుకి అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవుండాలి. అంటే 36 అడుగులు, మధ్యలో ఆగే చోటు అదనం. ఈయన 8 అడుగుల్లో తేల్చేశాడు. మిగతా జాగా ఫౌంటెన్‌కి పోయిందట. పైన పాలిష్ గ్రానైటొకటి! చక్రాల కుర్చీ ఎక్కలేదు గానీ, దిగితే మాత్రం బ్రేకుల్లేకుండా నేరుగా రోడ్డు మీదికే. బాత్రూంలో ఇటాలియన్ మార్బుల్ పరిచారు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. టవల్ రాడ్ ఉంది కదా అన్నాడు. వాస్తు కుదరక మరుగుదొడ్డి వరండా చివరికెళ్లింది. రాత్రి మూడుసార్లు లేచేవారికి నడక వ్యాయామం ఉచితం.

గది అద్దె విన్నాక చట్టం గుర్తొచ్చింది. కన్నవాళ్లను దిక్కులేకుండా వదిలేస్తే, 2007 చట్టం ప్రకారం మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానాతో సరిపెడితే, ఇక్కడ చేర్పించడం కన్నా వదిలేయడమే చవక.

చివరికి సంఘం షరతులతో ఒప్పుకుంది. గేటు వెనక సందులోకి పెట్టాలి. ప్రహరీ పైకి లేపాలి. బోర్డు మీద ‘వృద్ధ’ అనే మాట రాకూడదు. ఆఖరి షరతు మినిట్స్‌లో రాయలేదు. అందరూ టీకి లేచాక అధ్యక్షులవారు ఆర్కిటెక్టు భుజం మీద చెయ్యేసి చెప్పారు: ‘‘కింది అంతస్తు గదులు ముందు మా సంఘం సభ్యులకే ఇవ్వాలి బాబూ. డబుల్ కాదు, సింగిలే. అబ్బాయికి ఫోన్లు గీన్లు చెయ్యకండి.’’