ఏ ఫైల్లో ఉన్నామండీ?

2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. కైకలూరు, మండవల్లి, కలిదిండి, ముదినేపల్లి మండలాలు కృష్ణా నుంచి ఇటు వచ్చాయి. తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల వివరాలను ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్లతో ఎక్స్‌ఎంఎల్ నుంచి అచ్చు పేజీలుగా మార్చే పని అప్పట్లో నాది. చెరువు రికార్డులో గ్రామం కోడు ఒక్కటే ఉంటుంది. మండలం, జిల్లా పేర్లు, 1999లో కొల్లేరు అభయారణ్యానికి హద్దైన ఐదో కాంటూరు ఆ ఊరిని తాకుతుందా లేదా అన్నదీ వేరుగా గ్రామాల ఫైల్లో. జిల్లాలు మారినా ఆ ఒక్క ఫైలు దిద్దితే చాలు. ఏర్పాటు మంచిదే. నేను వాడిన తీరే తెలివితక్కువది.

ప్రతి చెరువు దగ్గరా డాక్యుమెంట్ ఫంక్షన్‌తో ఆ ఫైల్ని పిలిచి, రెండు స్లాషులు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా కోడు వెతికించాను. నాలుగు రికార్డులతో చూస్తే చిటికెలో అయిపోయింది. అసలు జాబితా ఇస్తే కదల్లేదు. పదివేల చెరువులు, ఆరువందల ఊళ్ళు అనుకోండి, 60 లక్షల పోలికలు. ఆ గుణకారం నేను చేసుకోలేదు. ఫైల్ని పదేపదే చదవడం వల్లే ఆలస్యమని నమ్మి, మండలానికొకటిగా ముక్కలు చేశాను. నిజానికి ఒకే చిరునామాతో ఎన్నిసార్లు పిలిచినా, ఒకసారి చదివిన ప్రతినే అది తిరిగి ఇస్తుంది. కాలమంతా వెతుకులాటకే పోతోంది.

కీ గురించి చదవకపోలేదు. 1999 నవంబరులో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 లోనే ఉందది. కోడుమీద కీ ప్రకటిస్తే ప్రాసెసర్ ఒక్కసారి సూచిక కట్టుకుని, ఆపైన నేరుగా ఆ ఊరి దగ్గరికే పోతుంది. రాశాను. జిల్లా గడులన్నీ ఖాళీగా వచ్చాయి, ఒక్క ఎర్రరూ లేదు. బయటి ఫైళ్ళకు కీ పనిచేయదని తీర్మానించుకున్నాను. తోటివాళ్ళకూ అదే చెప్పాను. ఇప్పటికీ మనసులో గుచ్చుకునేది ఆ చెప్పడమే.

తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చే అమ్మాయి మా దగ్గర కొత్తగా చేరింది. నా స్టైల్‌షీటు చూసి, "ఈ లైను దగ్గర మనం ఏ ఫైల్లో ఉన్నామండీ?" అని అడిగింది. చెరువుల ఫైల్లో ఉన్నాం. 1.0లో కీ తానున్న ఫైల్లోనే వెతుకుతుంది. ఊళ్ళు అక్కడ లేవు, అందుకే ఖాళీ. ముందు ఫర్-ఈచ్‌తో గ్రామాల ఫైల్లోకి వెళ్ళి, అక్కడ కీని పిలవాలి. వెళ్ళేముందే చెరువు రికార్డులోని కోడును వేరియబుల్‌లో పెట్టుకోవాలి, లోపలికి వెళ్ళాక చూపు గ్రామాల మీదికి మారిపోతుంది. ఆమె ఆ కాస్తా మార్చి నడిపితే, అన్ని గడులూ నిండి, పేజీలు గబగబా వచ్చేశాయి.

2007 నాటి 2.0లోనైతే ఏ ఫైల్లో వెతకాలో కీకి మూడో ఆర్గ్యుమెంటుగా చెప్పవచ్చు. మేం వాడే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌కు 1.0 మాత్రమే వచ్చు కాబట్టి మాకు ఫర్-ఈచ్ దారే.

నా మాట నమ్మి కీ జోలికి పోని వాళ్ళ స్టైల్‌షీట్లు అడిగి తీసుకుని దిద్దుతున్నాను. కైకలూరు వైపు రికార్డులున్నవి ముందు.