ఉత్తుత్తి షాకు

మా ఇంట్లో వేళాకోళాలకు కరువు లేదు. నేను గోడగడియారం అరగంట ముందుకు తిప్పితే, మా ఆవిడ నా టీలో ఉప్పు కలుపుతుంది. ఒకసారి టిఫిను డబ్బాలో ఉప్మాకు బదులు పచ్చి రవ్వ పోసిచ్చింది. ఆఫీసులో అందరి ముందూ మూత తీసి వెర్రిమొహం వేశాక చూస్తే, సంచి అడుగున అసలు డబ్బా వెచ్చగా ఉంది. ఆమె ఏ ఆట పట్టించినా అడుగున రెండో డబ్బా ఉంటుంది. నేను చేసిన ఘనకార్యానికి అది లేదు.

ఒక ఆదివారం ఇస్త్రీపెట్టె పట్టుకుని షాకు కొట్టినట్టు నటించాను. కళ్లు తేలేసి, పళ్లు బిగబట్టి, చెయ్యి ఊడి రానట్టు ఊగిపోయాను. ఆమె కెవ్వుమంటుంది, నేను పకపకా నవ్వుతాను, అదీ నా లెక్క. ఆమె అరవలేదు. గిన్నెలు తోముతున్న తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, రెండు చేతులా నా మణికట్టు పట్టి లాగింది.

ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. 230 వోల్టుల కరెంటు చేతి కండరాలను బిగదీసి పట్టు వదలనివ్వదని, ముట్టుకున్నవాళ్లకూ పాకుతుందని, ముందు మెయిన్ ఆపాలని, అది అందకపోతే పొడి కర్రతో తొయ్యాలని పిల్లల చేత వల్లె వేయిస్తుంది. ఆ క్షణాన పాఠం చెప్పే మనిషికి పాఠమే గుర్తు రాలేదు. నిజంగా కరెంటు ఉండి ఉంటే నా పక్కనే పడిపోయేది. నేనప్పటికే నవ్వడం మొదలుపెట్టేశాను. మధ్యలో ఎలా ఆపాలో తెలియలేదు. ఆమె వెళ్లి గిన్నెలు తోముకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆదిపర్వంలో నా పూర్వీకుడొకడున్నాడు. పేరు సహస్రపాదుడు. గడ్డితో పాము చేసి, అగ్నిహోత్రం దగ్గరున్న స్నేహితుడు ఖగముణ్ణి భయపెట్టాడు. ఖగముడు మూర్ఛపోయి, తేరుకున్నాక, విషం లేని పామువైపొమ్మని శపించాడు. ఈ కథ విన్నది రురుడు. తాను పెళ్లాడబోయే ప్రమద్వర పాము కాటుకు చనిపోతే, తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకున్నవాడు. వ్యాసుడు ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టడం ఊరికే కాదేమో. మా ఇంట్లో ఎవరు ఎవరో చెప్పనక్కర్లేదు.

నా వంతు 2024 డిసెంబరు 4న వచ్చింది. పొద్దున్న ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హనుమకొండలో మా మూడో అంతస్తు ఫ్లాటులో గ్లాసులు గలగలలాడాయి. కాళ్లు వాటంతటవే పరుగెత్తాయని బుకాయించవచ్చు. చేతులు మాత్రం మేకుకున్న బండి తాళాలు అందుకునేంత స్థిమితంగానే ఉన్నాయి. సగం మెట్లు దిగాక ఆమె వంటింట్లో ఉందని గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా కిందికే దిగాను.

కాసేపటికి ఆమె వచ్చింది, గ్యాసు కట్టేసి, తలుపుకు తాళం వేసి, నా చెప్పులు చేత్తో పట్టుకుని. "కింద రాళ్లున్నయి, వేసుకోండి" అంది.

ఆ సాయంత్రమే వాళ్లక్కకు ఫోను. "ఊగుడు ఆగకముందే మీ మరిది కిందున్నడక్కా! బండి తాళాలు గూడ మరువలే." అటువైపు నవ్వు ఇక్కడికి వినిపిస్తోంది. చుట్టాలెవరొచ్చినా ఇప్పటికీ ఈ కథ చెప్పి నవ్విస్తుంది. ఇస్త్రీపెట్టె సంగతి మాత్రం వాళ్లక్కకు కూడా చెప్పలేదు.