లైసెన్సు లేకుండా గల్ఫ్ ఏజెంటుగా ఎదగడం ఎలా?

1. ఆఫీసు పెట్టకండి. బోర్డు కనిపిస్తే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఏదంటారు, బ్యాంకు గ్యారంటీ ఏదంటారు. జగిత్యాల బస్టాండు దగ్గర చాయ్ దుకాణం చాలు. ఎవరైనా గట్టిగా అడిగితే "నేను ఏజెంటును కాదన్నా, మనోళ్ళకు సాయం చేస్తున్న" అనండి.

2. సొంతవాళ్ళతోనే బోణీ చేయండి. పరాయివాడు రశీదు అడుగుతాడు. మేనల్లుడికి "మన మధ్య కాగితమేంది అల్లుడా" అంటే సరిపోతుంది.

3. ఫీజు దగ్గర మొహమాటపడకండి. కూలీ దగ్గర 30 వేలు, ఆపైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దని నిబంధన. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందమైతే పనికి పోయేవాడి దగ్గర ఫీజే వద్దంటుంది. అవి చదువుతూ కూర్చుంటే ఇల్లు గడవదు. లక్షన్నర చెప్పండి. లేవంటే మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి మీరే చూపండి, మీ తమ్ముడే అయితే మరీ మంచిది. అప్పున్నవాడు ఎంత ఎండ కొట్టినా పని వదిలి రాడు. మన వ్యాపారం నడిచేదే దీనిమీద.

4. పది పాసవ్వనివాడిది ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరైన పాస్‌పోర్టు. గల్ఫ్‌లో పనికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. దానికి కంపెనీ పేరు, జీతం, ఒప్పందం చూపాలి, రెండేళ్ళకు 275 రూపాయల బీమా కట్టాలి. ఇంత రాతకోత ఎందుకు? విజిట్ వీసా మీద ఎక్కించండి. బీమా లేకుంటే ప్రమాదంలో పోయినవాడి ఇంటికి పది లక్షలు రావు, అంతే. మీ జేబు భద్రం.

5. ఏం పని అంటే "ఏసీ హోటల్" అనండి. ఎడారిలో మేకల మంద సంగతి దిగినాక తెలుస్తుంది. అరబ్బీ కాగితం మీద సంతకం ఎయిర్‌పోర్టు గేటు దగ్గరే పెట్టించండి.

6. సాకులు పొదుపుగా వాడండి. "వీసా స్టాంపింగ్‌ల ఉంది" నెల రోజులు ఆగుతుంది. "కఫీల్ ఉమ్రాకు పోయిండు" అని అక్కడి యజమాని మీదికి తోస్తే రెండు వారాలు. "రంజాన్ అయిపోనీ" ఏడాదికి ఒక్కసారే దొరుకుతుంది, తొందరపడి ఖర్చుచేయకండి. "సర్వర్ డౌన్" ఎప్పుడైనా చెల్లుతుంది. అక్కడినుంచి జీతం రాలేదని ఫోన్ చేస్తే "కొత్తల అట్లనే ఉంటది తమ్మీ". పాస్‌పోర్టు గుంజుకున్నారంటే "పోగొట్టుకోకుండ దాసిండ్రు". సౌదీలోనైనా ఎమిరేట్స్‌లోనైనా యజమాని దాన్ని పట్టుకోకూడదనే మాట మీ నోట రానివ్వకండి. ఎంబసీ నంబరు అసలే చెప్పకండి.

7. బాధ పడలేక పారిపోయి, కాగితాల్లేని ఖల్లివెల్లి అయ్యాడా, తప్పు వాడిదే. "ఆమ్నెస్టీ పెడితే వస్తడు" అని వాళ్ళమ్మకు చెప్పి నంబరు మార్చేయండి.

8. పెట్టెలో వస్తే మాత్రం శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు అందరికంటే ముందు మీరే వెళ్ళండి. ఖర్చులకు ఐదువేలు చేతిలో పెట్టండి, నలుగురూ చూసేలా. అప్పు ఎట్లాగూ తీరలేదు, ఇంట్లో ఇంటర్ చదివే చిన్నోడున్నాడు. పదకొండో రోజు దాటగానే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించండి. ఈసారి మస్కట్ అనండి.