రాముడి అణా, రిజర్వు బ్యాంకు పది

మా ఊరి కిరాణా కొట్టులో పది రూపాయల బిళ్ళ చెల్లదు. పది గీతలుంటే నకిలీ, పదిహేనుంటే నకిలీ, రూపాయి గుర్తు లేకపోతే మరీ నకిలీ. పద్నాలుగు రకాలూ చెల్లుతాయిరా నాయనా అని రిజర్వు బ్యాంకు 2018లోనే మొత్తుకుంది. ఎవడు విన్నాడు? నా దగ్గర సంచీడు పోగుపడ్డాయి.

అదే వీధిలో, మా బాబాయి గారింట్లో, గాజు పెట్టెలో ఎర్ర మఖమలు మీద ఒక రాగిరంగు బిళ్ళ కొలువై ఉంది. ఒక వైపు సీతారామలక్ష్మణులు, పాదాల చెంత హనుమంతుడు. రెండో వైపు ఇంగ్లీషులో ఈస్టిండియా కంపెనీ, అణా, 1818. కంపెనీవాడు అలాంటి అణా ఎన్నడూ కొట్టలేదు. దేశమంతటికీ ఒకే తీరు నాణెం తేవడానికే వాడికి 1835 దాకా పట్టింది. తెచ్చినప్పుడు కూడా దాని మీద విలియం రాజు తలకాయ వేసుకున్నాడు గానీ శ్రీరామ పట్టాభిషేకం వేయలేదు. అంచు మీద గోరు పోనిస్తే పోత అచ్చు రెండు చెక్కలూ కలిసిన గీత తగులుతుంది. పైన పట్టించిన నలుపు కాస్త చింతపండుతో రుద్దితే ఇట్టే పోతుంది, కింద మొన్నటి ఇత్తడి.

ఇలాంటి బిళ్ళలతోనే రైస్ పుల్లింగ్ ముఠాలు బతుకుతున్నాయి. బియ్యపు గింజలకు ముందే ఇనుప రజను పట్టించి, ఎక్కడో అయస్కాంతం దాచి, గింజ బిళ్ళ వైపు అంగుళం జరగ్గానే ఇరిడియమంటారు, నాసా అంటారు, కోట్లంటారు. మునిగినవాడు పోలీసు స్టేషను మెట్లెక్కడానికి సిగ్గుపడతాడు. తానూ ఇంకొకణ్ణి ముంచుదామనే కదా కొన్నది!

బాబాయి అంత అమాయకులు కారు. "నకిలీ అని తెలిసే కొన్నానురా. చదువు కోసం" అంటారు. ఇప్పటికి నలభై బిళ్ళలు చదివారు. ఈ చదువుకు ఫీజు ముడుతున్నది పోతపోసేవాడికి. వాడికీ విద్యార్థి మీద శ్రద్ధ ఉంది. పోయిన నెలే హనుమంతుడి గద ఎడమ చేతికి మార్చి, "అరుదైన రకం" అని పంపాడు.

బాబాయికి శాస్త్రాధారమూ ఉంది. బెకర్ అని ఒక జర్మను మహానుభావుడు 1830లో పోయేలోగా ప్రాచీన నాణేలకు వందల కొద్దీ దొంగ అచ్చులు చెక్కాడు. కొత్తగా కొట్టిన నాణేలను ఇనుప రజను పెట్టెలో వేసి, బండికి కట్టి తిప్పేవాడు. తన ముసలాళ్ళను షికారు తీసుకెళ్ళానని రాసుకునేవాడట. ఇవాళ బెకర్ నకిలీలకూ గిరాకీ ఉంది. "మనవాడికీ ఆ రోజు వస్తుంది" అంటారు బాబాయి. బెకర్‌కు చెక్కడం వచ్చు, మనవాడికి కరగబెట్టడం వచ్చు. అంతే తేడా.

పైగా అసలు నాణేలతో ఎంత తలనొప్పి! భూమిలో పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం. శాతవాహనుల సీసపు నాణెం చేతికొస్తే అది ఏ కోటిలింగాల చేలోదో, ఎవడు రాత్రిపూట తవ్వాడో ఆరా తీయాలి. నకిలీకి ఆ బెడద లేదు. పుట్టుకే మొన్నటిది, ఏ చేనూ తవ్వలేదు. నీతిమంతుడైనవాడు నకిలీలే సేకరించాలని బాబాయి తీర్మానం. నేను కాదనలేకపోయాను.

"అయితే వీటి మీద 'నకలు' అని ముద్ర కొట్టిద్దాం బాబాయ్. అమెరికాలో 1973 నుంచి అదే చట్టం" అన్నాను.

"విలువ పోతుందిరా!" అని ఉలిక్కిపడ్డారు.

దేని విలువ అని అడగలేదు, పెద్దవారు.

వచ్చేటప్పుడు ఒక బిళ్ళ నా చేతిలో పెట్టారు. "నువ్వూ చదువుకో. ఐదొందలే. నకిలీ అని చెప్పే ఇస్తున్నా, నా దగ్గర మోసం ఉండదు."

సంచి విప్పి యాభై పది రూపాయల బిళ్ళలు లెక్కపెట్టాను. బాబాయి ఒకటి తీసి, కళ్ళజోడు సవరించుకుని, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.

"గీతలు తేడాగా ఉన్నాయిరా" అన్నారు. "ఫోన్‌పే చెయ్యి."