కొసరు రాయుడు

పగలంతా ఆఫీసులో కోడు రాసి, రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్‌లో పోకర్ ఆడే ఉద్యోగుల్లో, 2000ల చివర్లో, అమెరికాలో ఒక కొత్త జాతి పుట్టింది. ఆ జాతివాణ్ణి కొసరు రాయుడు అందాం. మిగతావాళ్లు చేతిలో ఏ ముక్కలు పడ్డాయో చూస్తారు. రాయుడు మాత్రం పాట్‌లోంచి, అంటే పందెపు సొమ్ములోంచి, సైటు కోసుకునే రేక్ ఎంత, అందులో తనకు తిరిగొచ్చేదెంత అని చూస్తాడు. అప్పట్లో సైట్లు రెండు దారుల్లో ఊరించేవి. పోకర్‌స్టార్స్ రేక్‌బ్యాక్, అంటే రేక్‌లో కొంత వెనక్కి, ఇచ్చేది కాదు. డిపాజిట్ మీద బోనస్, ఆడినకొద్దీ పాయింట్లు ఇచ్చేది. ఫుల్ టిల్ట్ తన అఫిలియేట్ల (ఆటగాళ్లను చేర్పించే ఏజెంట్ల) ద్వారా చేరినవాళ్లకు రేక్‌లో 27 శాతం వెనక్కిచ్చేది. తొందరపడి నేరుగా ఖాతా తెరిచినవాడు తర్వాత కాళ్లావేళ్లా పడ్డా ఆ 27 శాతం దక్కేది కాదు. అందుకే రాయుడు ఆట నేర్చుకోకముందే ఎక్సెల్ షీటు తెరుస్తాడు.

రాయుడికి లెక్కలు రాక కాదు, పెద్ద అంకె కనిపిస్తే వచ్చిన లెక్క మరిచిపోతాడు. వంద డాలర్ల రేక్‌కు 30 చొప్పున విడుదలయ్యే 600 డాలర్ల బోనస్ ఉందనుకుందాం; గడువు నాలుగు నెలలు. మొత్తం చేతికి రావాలంటే 2,000 డాలర్ల రేక్ కట్టాలి. శని, ఆదివారాలు ఆడే రాయుడు నెలకు కట్టేది వంద. అంటే గడువులోగా వచ్చేది 120, గాల్లో కలిసేది 480. అదే కాలానికి 27 శాతం రేక్‌బ్యాక్ 108. తేడా 12 డాలర్లు. పైగా బోనస్ అక్కడితో ఆగిపోతుంది, రేక్‌బ్యాక్ ఆడినన్నాళ్లూ వస్తుంది. ఏడాది తిరిగేసరికి రేక్‌బ్యాక్ 324, బోనస్ 120 దగ్గరే. కొద్దిగా ఆడేవాడికి రేక్‌బ్యాకే మేలని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ సంగతి రాయుడికీ తెలుసు. కానీ పోబోయే 480 అప్పటికే అతని మనసులో అతని పేరిట రిజిస్టరైపోయింది. దాన్ని కాపాడుకోవడానికి ఒక టేబుల్ కాస్తా నాలుగవుతుంది, పదకొండింటి నిద్ర రెండింటికి జరుగుతుంది. నిద్రమత్తులో ఒక్క పిచ్చి కాల్‌తో 30 డాలర్లు పోగొట్టుకుని, 'అయితేనేం, బోనస్‌లో 6 డాలర్లు వచ్చాయి' అని ఆకుపచ్చ గడిలో రాసుకుంటాడు. పోయిన 30కి ఆ షీట్లో గడి లేదు.

కొసరడం తప్పా అని అడగవచ్చు. కూరగాయల బండి దగ్గర కొసరని తెలుగువాడెవడు? తప్పేం లేదు, కానీ గుప్పెడు కొసరు కోసం అక్కర్లేని వంకాయలు నాలుగు కిలోలు కొనడం మాత్రం తప్పే. ఇంకో అభ్యంతరం మరింత గట్టిది. పొద్దంతా పదేసి టేబుళ్లు ఆడి, ముక్కల మీద లాభనష్టాలు సరితూగే వృత్తి ఆటగాళ్లకు రేక్‌బ్యాకే జీతం కదా? నిజమే. వాళ్లు కట్టే రేక్ భారీగా ఉంటుంది. శాతం కాస్త అటూ ఇటూ అయినా ఇంటద్దె మీద పడుతుంది. రాయుడు ఆ కోవలోకి రాడు. అతనికి 27 వెనక్కి వచ్చినా 73 సైటు దగ్గరే ఉంటుంది. వచ్చినదీ లాభం కాదు, తన జేబులోంచి పోయినదాంట్లో కొంత. ఓడేవాడికి ఏ పథకమైనా చేసే ఉపకారం ఒకటే: కాస్త నిదానంగా ఓడనివ్వడం. ఎప్పుడు ముక్కలు పడేసి తప్పుకోవాలో (ఫోల్డ్) నేర్చుకుంటే ఆ 12 డాలర్ల తేడా ఒక్క పూటలో మిగులుతుంది.

అసలు కంటే కొసరే ముద్దనుకుంటే ఏమవుతుందో 2011 ఏప్రిల్ 15న తేలింది. ఆ రోజు అమెరికా ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్ల మీద కేసులు పెట్టి, వాటి వెబ్ చిరునామాలు స్వాధీనం చేసుకుంది. ఫుల్ టిల్ట్ ఆటగాళ్లకు 39 కోట్ల డాలర్లు బాకీ ఉంటే బ్యాంకుల్లో ఉన్నది సుమారు 6 కోట్లేనని ప్రాసిక్యూటర్లు ఆరోపించారు. అమెరికా ఆటగాళ్లకు సొమ్ము తిరిగి రావడం 2014లో గానీ మొదలుకాలేదు. 'నా అసలు భద్రమేనా' అన్న గడి కూడా రాయుడి షీట్లో లేదన్నమాట. ఆట చట్టబద్ధమైన చోట ఉన్న రాయుళ్లకు సలహా ఇదీ: కొద్దిగా ఆడితే రేక్‌బ్యాక్ తీసుకోండి, లెక్క అయిదు నిమిషాల్లో ముగించండి, ఖాతాలో అవసరమైనంతే ఉంచండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో నిషేధ చట్టాలు చేశాయి గనక మన దగ్గరి రాయుడికి ఆ అయిదు నిమిషాలూ దండగే.