శ్రీమాన్ కోఆర్డినేటరు

హైదరాబాదునకు ఉత్తరమున నాగపూరు రహదారిమీద మేడ్చల్, రాజీవ్ రహదారిమీద శామీర్‌పేట, ఈ రెంటి నడుమను చుట్టుపట్లను ఒకప్పుడు ద్రాక్షతోటలు విరివిగా నుండెడివి. ఇప్పుడా నేలలో విద్యాలయములు పండుచున్నవి. 1998లో స్థాపితమై శామీర్‌పేటలో స్థిరపడిన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమొకటి, 2008లో జవహర్‌నగర్ చెంత వెలసిన బిట్స్ పిలానీ వారి ప్రాంగణమొకటి. ఇక మైసమ్మగూడ, కండ్లకోయ ప్రాంతముల ఇంజనీరింగు కళాశాలలెన్నియో తెలియగోరువారు ఉదయము ఎనిమిది గంటలకు సుచిత్ర కూడలిలో నిలుచుండి, పసుపుపచ్చని బస్సులను లెక్కించుకొనవచ్చును. ఏ విద్యాలయమున ఏ శాస్త్రము బాగుగా అబ్బునో చెప్పుటకు నేను చాలను గాని, ఒక్క జాతి మనుష్యుడు మాత్రము అన్నింటను సమృద్ధిగా తయారగుచున్నాడు. వాడే కోఆర్డినేటరు.

వానిని గుర్తించుట సులభము. మెడలో రెండు లాన్యార్డులు, వానిలో ఒకటి నిరుడు జరిగిన ఉత్సవమునకు సంబంధించినది. వీపున ‘ఆర్గనైజింగ్ టీమ్’ అని అచ్చొత్తిన నల్లని టీషర్టు. చేతికి కంకణమువలె తొడుగుకొన్న సెల్లోటేపు చుట్ట. ఒక ఫోను చెవియొద్ద, రెండవది పవర్‌బ్యాంకు కొసన వ్రేలాడుచు. వాడు నడువడు, ఎల్లప్పుడును ఎచ్చటికో పోవుచుండును. పలుకరించినచో ‘అన్నా, రెండే నిమిషాలు’ అనును. వాని రెండు నిమిషములు మన కాలమానమునకు లొంగునవి కావు.

ఇట్టి మహానుభావుడు పుట్టుకతోనే ఇట్టివాడు కాడు. నేనెరిగిన కోఆర్డినేటరు సిద్దిపేట వైపు పల్లెనుండి రెండేండ్లు కార్పొరేట్ ఇంటర్ హాస్టలులో గోడలు తప్ప లోకమెరుగక పెరిగి, మొదటి సంవత్సరమున మేడ్చల్ దాపుననున్న కళాశాలలో చేరినవాడు. సీనియర్లు పేరడిగిన దినమున తన పేరు తానే రెండు పర్యాయములు తప్పు చెప్పెను. క్యాంటీనులో దోసె అడుగుటకు నోరురాక, ముందున్నవాడేమి తీసికొన్న అదియే చూపించి, నెలరోజులు ఇష్టములేని ఎగ్ పఫ్ తిని బ్రదికెను. అట్టివానిని ఎవడో పుణ్యాత్ముడు ‘తమ్మీ, జర ఈ కుర్చీలు ఆడిటోరియంల వెయ్యి’ అనినాడు. వేసెను. కుర్చీ మోయువానికి మాటలాడవలసిన పనిలేదు, కాని అందరును వానితో మాటలాడుదురు. ఆ రహస్యము వానికానాడు తెలిసినది. రెండవ సెమిస్టరునకు హాస్పిటాలిటీలో వాలంటీరు, రెండవ యేట పబ్లిసిటీలో సభ్యుడు, మూడవ యేట లాజిస్టిక్స్‌కు అధిపతి.

తన కళాశాలతో తృప్తినొందు స్వభావము కాదు గనుక వాని చూపు ఇరుగుపొరుగులమీద గూడ ప్రసరించెను. బిట్స్ వారి పర్ల్, ఆట్మాస్ ఉత్సవములకు పోయి, వేదికనుగాక వేదిక వెనుకనున్న కేబుళ్లను చూచి వచ్చెను. నల్సార్‌లో విద్యార్థులే ఎన్నుకొను బార్ కౌన్సిలును, దాని క్రింద వివిధ కమిటీలును కలవని విని, ‘కమిటీలకు గూడ ఒక కౌన్సిలా!’ యని పరవశించెను. ఎన్నికలయందు నిలుచు భాగ్యము మాత్రము వానికి లేదు. విద్యార్థి ఎన్నికలనుగూర్చి లింగ్డో కమిటీ 2006లో సూచించిన నియమములలో అభ్యర్థి వ్యయము 5,000 రూపాయలు మించరాదనునది యొకటి, హాజరు 75 శాతమైనను ఉండవలెననునది మరియొకటి. మొదటి నియమము వానికి చేతకానిది కాదు, అంతకంటె తక్కువలో ఫ్లెక్సీలు, సమోసాలు, డీజే అన్నియు తెచ్చినవాడు, రెండవదానియొద్దనే చిక్కు. ప్రతి సెమిస్టరు చివరను హాజరు లోటునకు కాండొనేషన్ ఫీజు కట్టువారి వరుసలో వాడుండును, అచ్చట గూడ వరుస సరిగా నిలుచునట్లు చూచువాడు వాడే.

వాని ప్రతిభ చూడదలచినవారు ఫెస్టుకు ముందు మేడ్చల్ టెంట్‌హౌసునకు వానితో పోవలెను. యజమాని షామియానాకు ధర చెప్పి, తరువాత మెల్లగా, ‘సైడ్‌వాల్స్ అలగ్, కార్పెట్ అలగ్, జనరేటర్ల డీజిల్ మీదే తమ్మీ’ అనును. పూర్వము దోసె అడుగలేనివాడు ఇప్పుడు స్టూలుమీద కూర్చుండి చాయ్ తెప్పించుకొని, యజమాని కుమారుని ఎంసెట్ ర్యాంకు నడిగి, ఏ బ్రాంచి మేలో అరగంట బోధించి, పిదప లేచి తలుపుదాక పోయి వెనుదిరిగి, ‘కార్పెట్ మనదే అనుకుందాం గదన్నా’ అనును. కార్పెట్ ఉచితముగా వచ్చును. ఏ మేనేజిమెంటు పాఠశాలలో ఈ తలుపుదాక పోయి వెనుదిరుగు విద్య నేర్పుదురో నాకు తెలియదు. స్పాన్సర్ల విషయమున మాత్రము వాని అదృష్టమంత గొప్పది కాదు. కోవాగ్జిన్ టీకా తయారైన జీనోమ్ వ్యాలీ సంస్థలలో ఏదో యొకటి టైటిల్ స్పాన్సరు కాకపోవునా యని తుర్కపల్లివరకు పోయి, గేటుకడ సెక్యూరిటీవానితో స్నేహము చేసికొని, తుదకు జిరాక్స్ సెంటరు బ్యానరుతోను బిర్యానీ హోటలు కూపన్లతోను తిరిగివచ్చెను.

పరుల కళ్లకు హాస్యాస్పదముగా తోచు ఈ జీవితమున నాకు గౌరవము కలిగించిన ఘట్టమొకటి కలదు. గాంధీ శతజయంతి సంవత్సరమగు 1969లో 37 విశ్వవిద్యాలయములతో ఆరంభమైన జాతీయ సేవా పథకమునందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవచేసి, ఒక గ్రామమున ఏడుదినముల శిబిరము ముగింపవలెను. మనవాడు సర్టిఫికెట్టుకై చేరినాడనుటలో సందేహము లేదు. శామీర్‌పేట వైపు పల్లెలో మొక్కలు నాటించి, బ్యానరు నిటారుగా పట్టించి, ఫొటో తీయించుచుండగా, అరుగుమీది ముసలమ్మ, ‘ఫోటువ దిగిపోతిరి, మరి నీళ్లెవరు పోస్తరు బిడ్డా?’ అని అడిగెను. జీవితమున మొదటిసారి వానికి ‘టీమ్ చూస్కుంటది’ అని నోట రాలేదు. ఆ రాత్రి నీళ్లు పోయువారి జాబితా తయారుచేసి, ఎన్నడును జాబితాలు వ్రాయుటయే గాని వానిలో ఉండుట ఎరుగనివాడు, ఆదివారముల ప్రక్కన తన పేరే వ్రాసికొనెను. మిగిలినవారు మూడవ వారమునకు మానివేసిరి. వాడు బస్సెక్కి పోవుచునే యుండెను. ఈ సంగతి వాని రెజ్యూమేలో లేదు. అందు ‘లీడర్‌షిప్’ అను మాట మాత్రము మూడు తావుల కలదు.

చదువు ముగిసిన ఏట అక్క పెండ్లి వచ్చినది. తండ్రి లగ్నపత్రిక వ్రాయించునాటికే మనవాడు బంధువులందరిని వాట్సాప్‌లో నాలుగు గ్రూపులుగా విభజించి, చిన్న మేనమామను పార్కింగునకు, పెద్దమ్మను హాస్పిటాలిటీకి నియమించి, మగపెండ్లివారికి రంగురంగుల లాన్యార్డులు పంచిపెట్టెను. టెంటు మేడ్చల్ నుండియే వచ్చినది, కార్పెట్ ఉచితము. జీలకర్ర బెల్లము వేళకు పురోహితుడు పెండ్లికూతురును పిలువగా, ఎవరు తోడితేవలెనో ఏ గ్రూపునను వ్రాయలేదని తేలినది. ‘ఊరందరికీ పనులు జెప్తివి గద కొడుకా, పిల్లను తెచ్చే పని ఎవరికి జెప్తివి?’ అని నాయనమ్మ అరచునంతలో వాడు రెండు ఫోనులును చెల్లెలి చేతిలో పెట్టి పరుగెత్తి, అక్కను తానే చేయిపట్టుకొని మండపమునకు తెచ్చెను. ముహూర్తము దాటలేదు.

అంతతో ఊరకుండిన బాగుండెడిది. మరునాడు ఉదయము వియ్యాలవారి ఫోనులన్నింటికి ‘మా ఏర్పాట్లపై మీ అమూల్యమైన అభిప్రాయము’ అని ఫీడ్‌బ్యాక్ ఫారము చేరినది. వియ్యపురాలు భోజనములకు ఐదింట మూడు చుక్కలు వేసి, ‘పప్పుచారు పల్చన’ అని క్రింద వ్రాసెను. పప్పుచారు దగ్గరుండి చేయించినది పెద్దమ్మ. ఫారము ఫలితములను, పారదర్శకత కొరకు, వాడు నాలుగు గ్రూపులలోను పెట్టెను.