ఆ జడ యాడుండాది? (తోటపల్లి గూడూరు బాలే సూత్రాలకు టీకా తాత్పర్యాలు)

అవతారిక

వాచికం నెల్లూరు యాస. ఆంగికం కుడి అరచేత్తో తొడ మీద తాళం. ఆహార్యం పంచె, భుజాన తువ్వాలు. సాత్త్వికం, ఎదుట ఆడేవాళ్ళు తాళం తప్పితే మొహంలోకి వచ్చే బాధ. చతుర్విధాభినయాలూ ఇట్లా కుదిరిన మూలకర్త తోటపల్లి గూడూరులో టీ అంగడి బల్ల మీద ఉంటాడు. నెల్లూరు దాటి సముద్రం వైపు వస్తే ముందు పెన్న నీళ్ళు పారే వరిమళ్ళు, తర్వాత రొయ్యల గుంటలు, ఇంకా పోతే కోడూరు సముద్రం. ఈయన వరిమళ్ళ మనిషి. పేరు రాయొద్దన్నాడు. ఊరంతా మామ అంటుంది గనక ఈ వ్యాఖ్యలోనూ మామ అనే వ్యవహరిస్తాం.

మామకి బాలే పిచ్చి. నృత్యనాటకాన్ని మన వైపు బాలే అనే అంటారు. రష్యా వాళ్ళ బాలేతో దానికి పేరు వరకే చుట్టరికం. ('భలే' అని పాఠాంతరం. అర్థభేదం లేదు.) ఈ విషయం మీద ఆయన గ్రంథమేమీ రాయలేదు, సాయంత్రం పూట సూత్రాలు వదులుతాడు. అన్ని సూత్రగ్రంథాల్లాగే వీటిలోనూ అక్షరాలు తక్కువ, తగాదాలు ఎక్కువ. అందువల్ల టీక అవసరమైంది.

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. మేం పట్టడం లేదు. పడితే ఈ వ్యాఖ్య అరపేజీలో అయిపోతుంది. మాకు ఆదర్శం మన నెల్లూరి వేదం వేంకటరాయశాస్త్రి గారు. ఒక చేత్తో శృంగార నైషధానికీ ఆముక్తమాల్యదకీ వ్యాఖ్యలు రాశారు, రెండో చేత్తో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించారు. 1897 నాటి ప్రతాపరుద్రీయంలో ఏ పాత్రకి తగ్గ మాట ఆ పాత్ర నోట పెట్టారు. ఆ ధైర్యంతోనే మామ మాటని దిద్దకుండా ఇస్తున్నాం.

ప్రథమ సూత్రం

మూలం: "ఆడతా ఉండారులే అబ్బయా. ఆ జడ యాడుండాది?"

టీక: ఆడతా ఉండారు = నర్తించుచున్నారు. లే = ఒప్పుకున్నట్టు వినిపించే కాదనడం; నెల్లూరు జిల్లాలో 'లే' తగిలిన పొగడ్తని ఎవరూ ఇంటికి తీసుకుపోరు. అబ్బయా = ఓ చిన్నవాడా; వినేవాడికి మనవలున్నా ఇదే పిలుపు. ఆ = పూర్వం ఒకటి ఉండెననీ, వక్త దానిని చూచెననీ, శ్రోత చూడలేదనీ, ఇక చూడబోడనీ, ఇన్నింటినీ మోయుచున్న ఏకాక్షరం. జడ = సత్యభామ జడ. యాడుండాది = ఎక్కడున్నది; ప్రశ్నార్థకమే గాని జవాబు అడగడం లేదు.

ఇక విశేషం. సిద్ధేంద్రయోగి భామాకలాపం కూచిపూడి వాళ్ళకి ఆట మాత్రమే కాదు, ఇంటి మొక్కుబడి. ఆ అగ్రహారంలో పుట్టిన ప్రతి మగబిడ్డా జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని కట్టుబాటు. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి, ఇంటిపేరు ఏదైనా సరే. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేస్తుంది. వేషం ఇంకా తెర వెనకే ఉంటుంది. ముందు జడ వచ్చి తెర మీద పడుతుంది. రాకిడి, నాగరం, సూర్యచంద్రులు, కుప్పెలు అన్నీ ఉన్న జడ. నన్ను ఆటలోనూ శాస్త్రంలోనూ ఓడించగలవాళ్ళు సభలో ఉంటే రండి, వచ్చి ఈ జడ కోసుకుపొండి అని దాని భావం. మొహం కనపడకముందే పందెం వేసే నాయిక ఇంకే నాటకంలో ఉందో మాకు తెలియజెప్పినవారికి టీ మేమిప్పిస్తాం.

ఇప్పుడు 'ఆ' అన్న అక్షరానికి రావాలి. ఆ జడ వేదాంతం సత్యనారాయణశర్మ గారిది. 1935లో పుట్టారు, 2012లో పోయారు. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ. సత్యభామగా, ఉషగా, మోహినిగా ఆయన్ని చూసినవాళ్ళు ఆ తర్వాత ఇంకొకరిని చూసినా ఆయన్నే చూస్తారు. వెంకటరామ నాట్యమండలిలో చింతా కృష్ణమూర్తి గారు సూత్రధారి, ఆయనే మాధవి. మామ ఈ జంటని చూశానంటాడు. ఏ ఊళ్ళో చూశావంటే ఒకరోజు నెల్లూరంటాడు, ఒకరోజు గుంటూరంటాడు. మూలకర్త దేశకాలాలు చెప్పనప్పుడు వ్యాఖ్యాత ఊహించడం మర్యాద కాదు.

శంక: మగవాడు ఆడవేషం కడితే అంత గొప్పేముంది? జపాను కబుకీలోనూ ఆడపాత్రలు మగవాళ్ళే కడతారు. (ఇది నెల్లూరులో ఇంజనీరింగు చదివే మామ మనవరాలు వేసిన శంక. పూర్వపక్షానికి ఈ టీకలో ఆవిడే దిక్కు.)

సమాధానం: "ఆడదాని మాదిరున్నాడని కాదమ్మే. ఆడదాని మాదిరి గొడవేసుకున్నాడు" అని మామ.

ఈ వాక్యానికి మేం తలవంచుతున్నాం. భామాకలాపం అంతా గొడవే. కృష్ణుడు అలిగి పోయాడు, సత్యకి మాధవి సాయం కావాలి. నీ మొగుడి పేరేందో చెప్పమంటుంది మాధవి. మొగుడి పేరు నోట పలకడానికి సత్యకి సిగ్గు. చెప్పదు, చెప్పకుండా ఉండలేదు. చివరికి లేఖ రాస్తుంది. అది మోసుకుపోవడానికి మాధవి అడిగేది ముక్కెర! ఈ బేరం, ఈ వెటకారం, ఈ బతిమాలడం అంతా వేషం కట్టినవాళ్ళు నోటితో పలకాలి, పాడాలి, దానికి అడుగు వేయాలి. అది సాగినంతసేపు సాగుతుంది. సభ నవ్వితే మాధవి ఇంకో మాట కలుపుతుంది. కాబట్టి మామ వెతికే జడ వెంట్రుకలతో అల్లింది కాదు, సభతో మాట్లాడే దమ్ము.

తాత్పర్యం: నేటి నర్తకులు బాగుగానే ఆడుచున్నారు, కాని రమ్మని ఎవరినీ పిలుచుట లేదు.

ద్వితీయ సూత్రం

మూలం: "మద్రాసు మేళం కంటికి, కూచిపూడి మేళం చెవికి. నాకు చెవే ముఖ్యం."

టీక అక్కరలేదు, తగాదా కావాలి.

మద్రాసు మేళం అనగా వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో పెట్టిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ. నెల్లూరుకి కూచిపూడి కన్నా మద్రాసు దగ్గర, రైలెక్కితే పూటలో పోవచ్చు. చినసత్యం గారు తెల్లవార్లూ సాగే ఆటని హాలులో రెండు మూడు గంటల్లోకి కుదించారు. అడుగు ఎక్కడ పడాలో, చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కొలత పెట్టారు. పాట పక్కన కూర్చున్నవాళ్ళకి అప్పగించారు. పట్రాయని సంగీతరావు గారి సంగీతం దానికి ఊపిరి. ఆడపిల్లలకి అగ్రహారం తలుపు తెరిచినవాళ్ళలో చినసత్యం గారూ ఒకరు.

ఇక్కడ మామకి మేం ఒక దెబ్బ వేశాం. చినసత్యం గారి బాలే క్షీరసాగర మథనానికి సాహిత్యం రాసిన ఎస్.వి. భుజంగరాయశర్మ గారు కావలి జవహర్ భారతిలో పాఠం చెప్పినవారు. అంటే మద్రాసు మేళంలో పలికింది నెల్లూరు జిల్లా తెలుగే. మరి నీ చెవికి ఏం తక్కువైంది మామా అన్నాం.

"రాసినోడు మనోడే. పాడేవోడొకడు, ఆడేవోడొకడు అయితే ఇంక గొడవెవురేసుకుంటారు?"

మామ వాదానికి ఆయనకే తెలియని ప్రమాణం ఒకటి ఉంది. మాచుపల్లి కైఫీయతు చెప్పే కథ. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు డబ్బు కోసం ఆడవాళ్ళని హింసించేవాడు. ఆ దారిన పోతున్న కూచిపూడి మేళం అది చూసింది. విజయనగరం పోయి వీరనరసింహరాయలి ఎదుట ఆ హింసనే వేషం కట్టి ఆడింది. రాజుకి విషయం అర్థమై దండు పంపాడు, గురవరాజు తల పోయింది. నోరు లేని మేళమైతే ఆ రోజు రాజు శాలువా కప్పి పంపేవాడు, గురవరాజు నిమ్మళంగా ఉండేవాడు.

అయినా ఈ సూత్రంతో మేం ఏకీభవించం. వ్యాఖ్యాత మూలకర్తని కాదనకూడదని సంప్రదాయం, తెలుసు. చినసత్యం గారు కుదించకపోతే తెల్లవార్లూ కూర్చునే ఓపిక పోయిన కాలంలో ఆ ఆట ఎక్కడ నిలిచేది? ఆయన శిష్యురాలు శోభానాయుడు గారు సత్యభామగా తల తిప్పి చూసిన చూపులో పలకని మాట ఏదీ మిగల్లేదు. పద్మావతిగా ఆవిడ ఒకలా, శ్రీనివాసుడుగా ఆ పొడవు, ఆ నిలకడతో మంజుభార్గవి గారు ఒకలా. ఇద్దరూ రంగం మీద ఉంటే చెవి సంగతి గుర్తొచ్చేది కాదు. ఇది చెబితే మామ కాసేపు తాళం ఆపి, "మొగోళ్ళు ఆడోళ్ళయినారు, ఆడోళ్ళు మొగోళ్ళయినారు, లెక్క సరిపొయ్యింది" అన్నాడు. శోభానాయుడు పేరెత్తినప్పుడు మాత్రం 'లే' తగిలించలేదు. అది పెద్ద బిరుదు.

చినసత్యం గారు పోయిందీ 2012లోనే. రెండు మేళాల పెద్దలూ ఒకే ఏడాది వెళ్ళిపోయారు, మామ తగాదా మాత్రం సాగుతోంది.

తృతీయ సూత్రం

మూలం: "ఆరువేల మంది ఒక్కసారి వొంగి లేస్తే అది నాట్యం కాదు, నాట్లు."

సందర్భం: 2016 డిసెంబరులో విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 6,000 మందికి పైగా కూచిపూడి నర్తకులు ఒకేసారి ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. మామ టీవీలో చూశాడు.

టీక: నాట్లు = నారు మడి నుంచి పీకి వరుసగా పాతుట. ఈ ఉపమానం పెన్న కింద మాగాణి ఉన్నవాడికే తోస్తుంది. వరుస తప్పకూడదు, వంగిన నడుములన్నీ ఒకేలా ఉండాలి, దూరం నుంచి చూస్తే పచ్చగా ఉండాలి, దగ్గరికి పోతే ఏ మొక్కా విడిగా గుర్తుండదు. నాట్లని తక్కువ చేయడం మామ ఉద్దేశం కాదు. అన్నం అక్కడే పుడుతుంది. అయితే సత్యభామ మాత్రం అక్కడ పుట్టదు.

అనుబంధ సూత్రం ఒకటి ఉంది, దాన్ని తొందరగా దాటేస్తాం. కృష్ణుడి మీద పాడే తరంగంలో పళ్ళెం అంచు మీద నిలబడి ఆడటం చూసి జనం చప్పట్లు కొడితే మామకి కోపం. "పళ్ళేన్ని చూస్తుండారు, కృష్ణుణ్ణి చూడండ్రా!" దీనికి విదేశాల్లోనూ తోడు దొరుకుతుంది. 1895లో పీటర్స్‌బర్గ్‌లో హంసల సరోవరం బాలేలో పియెరీనా లెన్యాని ఒంటికాలి మీద 32 చుట్లు తిరిగింది. ఆ వేషం ఎవరు కట్టినా ప్రేక్షకులు ఇప్పటికీ పెదాల మధ్య లెక్కపెడుతూ కూర్చుంటారు. ఆ ఊరి రసికులు అంతకు ముందు, 1842లో, బాలే నర్తకి మారీ తాల్యోని ఊరు వదిలి పోతుంటే ఆవిడ ఆటచెప్పులు వేలంలో కొని, వండించి, పులుసు పోసుకుని తిన్నారని కథ చెబుతారు. మామకి చెబితే, "గజ్జెలు ఎవురికిచ్చినారంట?" అని అడిగాడు.

చతుర్థ సూత్రం

మూలం: "పెన్‌డ్రైవుకి నోరుండాది, చెవుల్లేవు."

ఈ నాలుగింటిలో ఉత్తమోత్తమం ఇదే అని మా తీర్పు. దీనికి ప్రతిపదార్థం రాస్తే చెడిపోతుంది, సందర్భం చెబితే చాలు. నెల్లూరులోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ నాట్యం బళ్ళకి కొదవ లేదు. పిల్లలు చక్కగా నేర్చుకుంటున్నారు, తల్లిదండ్రులు వేషానికీ మేకప్పుకీ ఖర్చు పెడుతున్నారు. అంతా అయ్యాక పాడేవాళ్ళకీ మృదంగానికీ వయొలిన్‌కీ ఇవ్వడానికి డబ్బుండదు. స్పీకరు వాడికి పెన్‌డ్రైవు ఇస్తారు. అది పాడుతూ పోతుంది. ఒక తిరునాళ్ళలో మేం చూశాం: పాప గజ్జె తెగింది. నట్టువాంగం వాళ్ళు ఎదురుగా ఉంటే జతి మళ్ళీ తిప్పి పాపకి ఊపిరి ఇచ్చేవాళ్ళు. పెన్‌డ్రైవు ఆగలేదు, పాప దాని వెంట పరిగెత్తింది.

శంక: అంతమంది సంగీతగాళ్ళని పిలిపించే స్తోమత పల్లెటూళ్ళకి ఎక్కడిది? (మళ్ళీ మనవరాలే.)

సమాధానం: తిరునాళ్ళలో రికార్డింగ్ డాన్సులకీ డీజే పెట్టెలకీ ఎంతవుతుందో కమిటీ పుస్తకంలో ఉంటుంది, చూసుకోవచ్చు. ఇది మామ చెప్పిన సమాధానం కాదు. మామ ఆ మాట ఎత్తితే తిడతాడు. ఆ తిట్లకి టీక రాయడం మాకు ఇష్టం లేదు.

తాత్పర్యం: ఆట చూచువాడు వినును, ఆడువాడు వినును, వాయించువాడు వినును. ముగ్గురిలో ఒక్కరికి చెవులు లేకున్నా మిగతా ఇద్దరూ నష్టపోవుదురు.

ఫలశ్రుతి

ఈ సూత్రాలను టీకా తాత్పర్య సహితంగా చదివినవారికి పుణ్యం సంగతి మాకు తెలియదు, పని మాత్రం ఒకటి ఉంది. తోటపల్లి గూడూరు, కోడూరు, ముత్తుకూరు, మీది ఏ ఊరైనా కానీండి, వచ్చే తిరునాళ్ళకి ఒక్క రాత్రి కూచిపూడి నుంచి పూర్తి మేళాన్ని పిలిపించండి. ఐదు నిమిషాల ఐటమ్ వద్దు, భామాకలాపం మొత్తం కావాలని అడగండి. పాడేవాళ్ళతో, వాయించేవాళ్ళతో, తెర పట్టేవాళ్ళతో సహా రమ్మనండి. దారి ఖర్చులు ముందే పంపండి. వేదిక మీద సన్మానాలు, ఉపన్యాసాలు ఆట అయిపోయాక పెట్టుకోండి. ముందు వరుస కుర్చీలు నాయకులకి కాకుండా, మధ్యలో మాధవికి ఎదురు మాట విసరగలిగే ముసలివాళ్ళకి వదలండి.